ఎన్నిక నవంబరు 3న, మీవారికి ఆఖరు తేదీ మాత్రం ఆగస్టు 7

ప్రశ్న: మేం కాలిఫోర్నియా శాంటా క్లారా కౌంటీలో, కూపర్టినోలో ఉంటాం. మావారు అమెరికా పౌరసత్వం తీసుకుని కొన్నేళ్లయింది. నేను ఈ ఏప్రిల్‌లో ప్రమాణం చేశాను. 2026 నవంబరు 3న నాకు మొదటి ఓటు. కానీ అక్టోబరు 9న హైదరాబాద్ వెళ్తున్నాను, దసరా, దీపావళి రెండూ చూసుకునే తిరిగొస్తాను. మా అబ్బాయి ఇలినాయ్‌లో కాలేజీలో చేరుతున్నాడు, వాడికి అక్టోబరు 28కి 18 నిండుతాయి. అత్తగారు గ్రీన్‌కార్డు మీద మా దగ్గరే ఉంటారు. ఇంతలో మావారు స్కూల్ బోర్డుకి పోటీ చేస్తానంటున్నారు. హెచ్-1బి మీదున్న ఫ్రెండ్స్ చందాలిస్తామంటున్నారు. తేదీల సంగతేంటండీ అని అడిగితే, "ఎన్నిక నవంబరులో కదా, సెప్టెంబరులో చూద్దాంలే" అంటారు. నాకేమో గాబరాగా ఉంది. హైదరాబాద్ ఓటరు జాబితాలో నా పేరు ఇంకా అలాగే ఉంది, దాన్నేం చేయాలో కూడా చెప్పండి.
— ఒక పాఠకురాలు, కూపర్టినో

సమాధానం:

అమ్మా, ముందుగా మీకు అభినందనలు. మీరేమో మీ ఓటు గురించి గాబరా పడుతున్నారు. మీ ఉత్తరం చదివాక నాకు గాబరా పుట్టించింది మాత్రం మీవారి మాట. సెప్టెంబరులో చూద్దామని కూర్చుంటే ఆయన పోటీ ఈసారికి లేనట్టే. బ్యాలెట్ మీద పేరు రావాలంటే కాగితాలు ఆగస్టు 7, శుక్రవారం సాయంత్రం 5 గంటల్లోపు దాఖలు కావాలి. అయిదూ అయిదుకి వెళ్తే తీసుకోరు. అందుకే ముందు ఆయన సంగతి చెప్పి, తర్వాత మీ దగ్గరికి వస్తాను.

కాలిఫోర్నియాలో ఎన్నికల తేదీలన్నీ పోలింగ్ రోజు నుంచి వెనక్కి లెక్కగడతారు. నగర మండళ్లు, స్కూల్ బోర్డుల వంటి స్థానిక పదవులకు 113 రోజుల ముందు నామినేషన్లు మొదలవుతాయి, 88 రోజుల ముందు ముగుస్తాయి. 29 రోజుల ముందు బ్యాలెట్లు పోస్టులో పడతాయి. 15 రోజుల ముందు ఓటరు రిజిస్ట్రేషన్ ఆఖరు. ఈ సంవత్సరం ఆ లెక్కన జులై 13, ఆగస్టు 7, అక్టోబరు 5, అక్టోబరు 19 అవుతాయి. ఈ నాలుగు తేదీలూ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. వీటిలో ఓటరుకి సంబంధించిన తేదీ తప్పితే ఇంకో దారి ఏదో ఒకటి ఉంటుంది. అభ్యర్థికి సంబంధించిన తేదీ తప్పితే దారి దాదాపు ఉండదు.

మీవారు మొదట తేల్చుకోవలసింది ఏ స్కూల్ బోర్డుకి అన్నది. కూపర్టినోలో చాలా ఇళ్లకు ఎనిమిదో తరగతి దాకా ఒక స్కూల్ డిస్ట్రిక్టు, హైస్కూలుకి ఇంకో స్కూల్ డిస్ట్రిక్టు. రెండింటికీ బోర్డులు వేరు, సీట్లు వేరు. కొన్ని డిస్ట్రిక్టుల్లో ఊరంతా కలిసి సభ్యుల్ని ఎన్నుకుంటారు, కొన్నింట్లో ఏరియాకి ఒకరు చొప్పున. ఏరియాల పద్ధతి ఉంటే మీ ఇల్లున్న ఏరియాకి ఈ ఏడాది ఎన్నిక ఉందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే సగం సీట్లు ఒకసారి, మిగతా సగం రెండేళ్ల తర్వాత వస్తాయి. కౌంటీ రిజిస్ట్రార్ ఆఫ్ ఓటర్స్ ఆఫీసుకి ఫోన్ చేసి ఇంటి అడ్రస్ చెబితే ఇదంతా చెప్పేస్తారు. ఈ పని ఈ వారమే చేయించండి.

అర్హతలు పెద్దగా ఏమీ లేవు. 18 ఏళ్లు నిండి ఉండాలి, ఆ డిస్ట్రిక్టులో నివాసం ఉండాలి, అక్కడ నమోదైన ఓటరై ఉండాలి. అదే డిస్ట్రిక్టులో ఉద్యోగి అయితే మాత్రం గెలిచాక ఉద్యోగం వదులుకుంటేగానీ సభ్యుడిగా ప్రమాణం చేయలేరు. ఇల్లు మారిన తర్వాత ఓటరు రిజిస్ట్రేషన్ కొత్త అడ్రస్‌కి మార్చుకోనివాళ్లు మనలో చాలామంది ఉంటారు. ఆ సంగతి నామినేషన్ కౌంటర్ దగ్గర బయటపడకూడదు.

స్కూల్ బోర్డు కాగితాలు శాన్ హోసేలో బెర్గర్ డ్రైవ్ మీదున్న రిజిస్ట్రార్ ఆఫీసులో ఇస్తారు, అక్కడే దాఖలు చేయాలి. ఆయన మనసు మార్చుకుని సిటీ కౌన్సిల్‌కి నిలబడతానంటే సిటీ క్లర్క్ దగ్గరికి వెళ్లాలి. అక్కడ ఆ నగర ఓటర్లు 20 నుంచి 30 మంది దాకా సంతకాలు చేసిన నామినేషన్ పత్రం కావాలి. స్కూల్ బోర్డుకి ఆ సంతకాల బాధ లేదు. ఇక కౌంటీ సూపర్‌వైజర్ లాంటి పదవి అయితే ఈ ఏడాదికి మర్చిపోవాల్సిందే. వాటి నామినేషన్లు మార్చిలోనే ముగిశాయి. జూన్ 2 ప్రైమరీలో, అంటే తొలి విడత ఎన్నికలో, సగానికి మించి ఓట్లు వస్తే అక్కడితో తేలిపోతుంది, లేకపోతే మొదటి ఇద్దరే నవంబరుకి వస్తారు. జనరల్ ఎలక్షన్ అనగానే అన్ని పదవులకూ పోటీ నవంబరులోనే మొదలవుతుందనుకోవడం చాలామంది పొరపాటు.

దాఖలు చేసే కాగితాల్లో చిన్నదిగా కనిపించి పెద్ద తలనొప్పి తెచ్చేది ఒకటుంది. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు కింద వృత్తి వేస్తారు. అది మూడు మాటలు మించకూడదు, ఆయన నిజంగా చేస్తున్న పనే అయ్యుండాలి, దానికి ఆధారాలు చూపిస్తూ ఒక వర్క్‌షీట్ నింపాలి. వర్క్‌షీట్ ఇవ్వకపోతే పేరు కింద ఏమీ వేయరు. "సాఫ్ట్‌వేర్ ఇంజనీర్" అని రాసుకోవచ్చు, "ప్రముఖ ఇంజనీర్" అని రాసుకోకూడదు, పొగడ్త మాటలకి చట్టం ఒప్పుకోదు. పేరు ముందు డాక్టర్ అని గానీ, వెనక డిగ్రీలు గానీ వేయరు. బడి వ్యవహారమంటే ఊళ్లో అందరూ ఒకరికొకరు తెలిసి ఉంటారనుకుంటాం గానీ, సగం మంది ఓటర్లు మీవారి గురించి తెలుసుకునేది ఆ మూడు మాటల్లోనే. ఒక సాయంత్రం మీరిద్దరూ కూర్చుని వాటి మీద నిజంగా ఆలోచించండి.

ఇంకోటి అభ్యర్థి ప్రకటన. ఇది ఓటర్లకు పంపే కౌంటీ గైడులో అచ్చవుతుంది. మామూలుగా 200 మాటలు, డిస్ట్రిక్టు ఒప్పుకుంటే 400. ఇవ్వడం తప్పనిసరి కాదు. ఇవ్వదలచుకుంటే నామినేషన్ కాగితాలతో పాటే ఇవ్వాలి, ఖర్చు ఎక్కువచోట్ల అభ్యర్థే పెట్టుకోవాలి. ఓటర్ల సంఖ్యను బట్టి అది వందల డాలర్లూ కావచ్చు, వేలూ కావచ్చు. ముందే కనుక్కోండి. అందులో తన చదువు, అనుభవం, అభిప్రాయాలు రాసుకోవాలి. ఎదుటి అభ్యర్థి ప్రస్తావన తేకూడదు, పార్టీ సంగతి ఎత్తకూడదు. ఒకసారి ఇచ్చాక మార్చడానికి వీల్లేదు. నామినేషన్లు ముగిసిన మర్నాటి పనిదినం సాయంత్రం 5 దాకా వెనక్కి తీసుకోవచ్చు, అంతే. ఆ తర్వాత పది రోజులు ఈ ప్రకటనల్నీ, వృత్తుల్నీ జనం పరిశీలనకి పెడతారు. తప్పుందని ఎవరైనా అనుకుంటే కోర్టుకి వెళ్లొచ్చు. కాబట్టి రుజువు చూపించలేని మాట ఒక్కటి కూడా రాయనివ్వకండి.

మన దగ్గర ఎన్నికల్లో నామినేషన్ల ఉపసంహరణకి విడిగా ఒక గడువుంటుంది. అలవాటు కొద్దీ మీవారు "ముందు వేసేద్దాం, నచ్చకపోతే తీసేసుకోవచ్చు" అనుకోవచ్చు. ఇక్కడ ఆగస్టు 7 సాయంత్రం దాటాక ఉపసంహరణ లేదు, పేరు బ్యాలెట్ మీదికి వెళ్లిపోతుంది.

ఆగస్టు 12 అనే తేదీ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. అది అందరికీ కాదు. ప్రస్తుతం ఆ సీట్లో ఉన్న సభ్యులు మళ్లీ పోటీకి అర్హులై ఉండి కూడా ఆగస్టు 7లోపు కాగితాలు వేయకపోతే, ఆ సీటుకి మాత్రం కొత్తవాళ్లకు మరో అయిదు రోజులిస్తారు. పదవిలో ఉన్నవాళ్లు కాగితాలు వేశారా, పొడిగింపు లేదు. ఎదుటివాళ్లు ఏం చేస్తారో దాని మీద ఆధారపడ్డ గడువు గడువు కాదు, దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు.

నా సలహా అడిగితే, జులై 13 సోమవారం కాగితాలు మొదలైతే ఆ వారంలోనే తెచ్చుకుని జులై నెలాఖరుకి దాఖలు చేసేయమనండి. ముందుగా వెళ్తే కౌంటర్లో ఉన్నవాళ్లు ఒక్కో కాగితం చూసి, ఇక్కడ సంతకం లేదు, ఇక్కడ తేదీ తప్పు అని చెబుతారు, సరిదిద్దుకోవడానికి రోజులుంటాయి. ఆఖరి శుక్రవారం నాలుగున్నరకి వెళ్తే తప్పు అదే, దిద్దుకోవడానికి అరగంట. పైగా తొందరగా వేస్తే ఓడిపోయేదేమీ లేదు. పేర్ల వరుస ఎవరు ముందొచ్చారన్న దాన్ని బట్టి ఉండదు. నామినేషన్లన్నీ ముగిశాక, రాష్ట్రంలో ఎన్నికలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ అక్షరాలకు లాటరీ తీసి ఆ వరుసలో పేర్లు పెడతారు.

ఇంకో విశేషం. ఉన్న సీట్లకంటే అభ్యర్థులు ఎక్కువ లేకపోతే స్కూల్ బోర్డుకి పోలింగే జరగదు, కాగితాలు వేసినవాళ్లే సభ్యులైపోతారు. అంటే ఒక్కోసారి ఎన్నిక మొత్తం ఆగస్టులోనే తేలిపోతుంది. సెప్టెంబరులో మేల్కొన్నవాళ్లకు బ్యాలెట్ మీద ఆ పదవే కనిపించదు.

అన్నీ తప్పిపోయినా రైట్-ఇన్ పద్ధతి ఒకటి ఉంది. సెప్టెంబరు 7 నుంచి అక్టోబరు 20 లోపు ప్రత్యేక కాగితాలు దాఖలు చేస్తే, ఓటర్లు బ్యాలెట్ మీద ఖాళీ గీతలో ఆయన పేరు చేత్తో రాసి ఓటేయొచ్చు, కానీ పైన చెప్పినట్టు పోటీ లేక ఆ పదవి బ్యాలెట్‌లోనే లేకపోతే ఇది కూడా ఎంతవరకు పనికొస్తుందో రిజిస్ట్రార్‌నే అడగాలి. మన ఇంటిపేర్లు ఇక్కడివాళ్లు పలకడానికే తడబడతారు. వేలమంది చేత రాయించడం ఎంత కష్టమో మీరే ఊహించండి.

ఇక డబ్బు. చందా ఒక్క డాలరు పుచ్చుకునే ముందే, అడిగే ముందే, పోటీ చేస్తున్నానని తెలిపే ఫారం 501 దాఖలు చేయాలి. మొత్తం 2,000 డాలర్లకు చేరితే పది రోజుల్లో ఫారం 410తో కమిటీ నమోదు చేసుకోవాలి. 100 డాలర్లు, ఆపైన ఎవరిచ్చినా నోట్ల రూపంలో తీసుకోకూడదు. అంత ఇచ్చినవాళ్ల పేరు, చిరునామా, వృత్తి, పనిచేసే కంపెనీ లెక్కల్లో చూపాలి. కమిటీ ఉన్నవాళ్లు ఎన్నికకి ముందు రెండుసార్లు లెక్కలు సమర్పించాలి, సెప్టెంబరు 24న ఒకసారి, అక్టోబరు 22న ఒకసారి. చందాలూ, ఖర్చూ రెండూ 2,000 లోపే ఉంచుకుంటానంటే ఫారం 470 అనే చిన్న కాగితంతో సరిపోతుంది. మొదటిసారి స్కూల్ బోర్డుకి నిలబడేవాళ్లు ఈ దారి గురించి తప్పకుండా ఆలోచించాలి.

మీ హెచ్-1బి స్నేహితుల ప్రేమ గొప్పదే, వాళ్ల డబ్బు మాత్రం వద్దు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం విదేశీ పౌరులు ఏ ఎన్నికకీ, స్కూల్ బోర్డుతో సహా, చందా ఇవ్వకూడదు. అభ్యర్థి అడగకూడదు, తీసుకోకూడదు. దీనికి మినహాయింపు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీదున్నవాళ్లెవరూ ఇవ్వకూడదు. ఆ స్నేహితులు ఒక పౌరుడికి డబ్బిచ్చి ఆయన పేరు మీద ఇప్పించడం ఇంకా పెద్ద నేరం. సాయం చేయాలని ఉంటే జీతం లేకుండా శనివారాలు కరపత్రాలు పంచిపెట్టమనండి, అది ఆనందంగా తీసుకోండి. తెలుగు సంఘం కార్యక్రమంలో మీవారిని స్టేజి ఎక్కించి "మనవాడికే ఓటేయండి" అనిపించాలని కూడా ఎవరో ఒకరు ఉత్సాహపడతారు. 501సి3 గుర్తింపున్న సంఘం ఏ అభ్యర్థికీ ప్రచారం చేయకూడదు. దానివల్ల సంఘం పన్ను మినహాయింపుకే ముప్పు.

ఇక మీ ఓటు. మొదట మీరు ఓటరుగా నమోదయ్యారో లేదో చూడండి. సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పౌరసత్వ ప్రమాణం చేసినంత మాత్రాన పేరు దానంతటదే ఎక్కదు. లేకపోతే అక్కడే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోండి. డ్రైవింగ్ లైసెన్సు నంబరు, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు, పుట్టిన తేదీ ఉంటే పది నిమిషాల పని. గడువు అక్టోబరు 19 అని చెప్పాను గానీ, ప్రయాణం 9న ఉంది కాబట్టి మీకు ఆ తేదీ పనికిరాదు. ఆగస్టులోనే చేసుకోండి.

కాలిఫోర్నియాలో నమోదైన ఓటర్లందరికీ అడగకుండానే బ్యాలెట్ ఇంటికొస్తుంది. అక్టోబరు 5, సోమవారం నుంచి పోస్టులో వేస్తారు. మీరు శుక్రవారం విమానం ఎక్కుతారు. మధ్యలో నాలుగు రోజులు. గురువారం పొద్దుటికి కూడా కవరు రాకపోతే ఎదురుచూస్తూ కూర్చోకండి, బెర్గర్ డ్రైవ్ మీదున్న రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లండి. అక్కడ ఎన్నికకి 29 రోజుల ముందు నుంచే ఓటేయొచ్చు. కవరు వస్తే ఇంట్లోనే ఓటేసి దగ్గర్లోని డ్రాప్ బాక్సులో వేసి ప్రయాణానికి సర్దుకోండి. అవి అక్టోబరు 6 నుంచి తెరిచి ఉంటాయి. పోస్టు డబ్బాలో వేసినా స్టాంపు అక్కర్లేదు.

ఆ కవరు వెనక సంతకం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. లోపల బ్యాలెట్ ఎంత జాగ్రత్తగా నింపినా, పైన సంతకం లేకపోతే కవరు తెరవరు. ఆ సంతకాన్ని మీ డ్రైవింగ్ లైసెన్సు మీదా, రిజిస్ట్రేషన్‌లోనూ ఉన్న సంతకంతో పోల్చి చూస్తారు. మనలో చాలామందికి రెండు సంతకాలుంటాయి. బ్యాంకుకి పొడుగ్గా ఇంటిపేరుతో ఒకటి, కొరియర్ వాడికి గీసేది ఒకటి. కొందరు పాత అలవాటుగా తెలుగులో చేస్తారు. తెలుగులో చేసినా తప్పులేదు, లైసెన్సు మీద కూడా అదే ఉండాలి. లైసెన్సు తీసి పక్కన పెట్టుకుని, చూసి సంతకం చేయండి.

సరిపోలలేదని వాళ్లకి అనిపిస్తే ఓటు పారేయరు, సరిచేసుకోమని ఉత్తరం రాస్తారు. చిక్కేమిటంటే, ఆ ఉత్తరం కూపర్టినో ఇంటికొచ్చేసరికి మీరు హైదరాబాద్‌లో ఉంటారు. అందుకని రెండు పనులు చేయండి. వెళ్లేముందు రాష్ట్రం నడిపే బ్యాలెట్ ట్రాకింగ్ సర్వీసులో మీ ఈ-మెయిల్ ఇచ్చి నమోదు చేసుకోండి. కవరు అందిందనీ, ఓటు లెక్కలోకి తీసుకున్నారనీ, ఏదైనా తేడా వచ్చిందనీ మెసేజ్ వస్తుంది. రెండోది, కౌంటీ నుంచి వచ్చే ఏ ఉత్తరాన్నైనా వెంటనే ఫోటో తీసి పంపమని మీవారికి చెప్పండి. ఆ ఫారం మీరే సంతకం చేసి ఈ-మెయిల్‌లో పంపొచ్చు. ఆయన మీ బదులు చేయకూడదు.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మన ఇళ్లలో కాగితాల పనులన్నీ ఒకరే చూసుకుంటారు, టాక్సులు, ఇన్సూరెన్సు, బడి ఫారాలు అన్నీ. అదే చేత్తో ఇంట్లోవాళ్ల ఓటు కవర్ల మీద కూడా సంతకాలు గీకేయడం జరుగుతుంటుంది. అది నేరం. అభ్యర్థి ఇంట్లో జరిగితే ఇంకా దారుణం. భోజనాల దగ్గర కూర్చుని ఎవరికి వేద్దామని మాట్లాడుకోండి, వాదించుకోండి, గీత మాత్రం ఎవరి బ్యాలెట్ మీద వాళ్లే పెట్టాలి. సంతకం చేసి మూసిన కవరుని డ్రాప్ బాక్సులో వేసిరమ్మని మీవారికి ఇవ్వొచ్చు, దానికి చట్టం ఒప్పుకుంటుంది.

నెలల తరబడి ఇండియాలో ఉండేవాళ్లకు వేరే ఏర్పాటుంది. విదేశాల్లో ఉన్న ఓటరుగా దరఖాస్తు పెట్టుకుంటే 45 రోజుల ముందు నుంచే, అంటే సెప్టెంబరు 19 నుంచే, బ్యాలెట్ పంపుతారు, ఫ్యాక్స్‌లో తిప్పి పంపే వీలు కూడా ఉంది. మీ ప్రయాణానికి అంత అవసరం లేదు. ఓటేసి విమానం ఎక్కడమే తేలిక.

మీ అబ్బాయికి నవంబరు 3 నాటికి 18 నిండితే చాలు. రిజిస్ట్రేషన్ రోజుకి 17 ఉన్నా ఫరవాలేదు, కాలిఫోర్నియాలో 16 నుంచే ముందస్తు నమోదు ఉంది. కాలేజీకి వెళ్లేలోపు ఆ పని చేయించి, ఉత్తరాలు పంపే అడ్రస్ చోట హాస్టల్ అడ్రస్ రాయించండి. బ్యాలెట్ అక్కడికే వస్తుంది. ఇలినాయ్ కావాలో కాలిఫోర్నియా కావాలో వాడే తేల్చుకోవాలి, రెండు చోట్లా ఓటు కుదరదు. నాన్న పేరున్న బ్యాలెట్ వాడికి కావాలంటే ఇల్లే ఎంచుకుంటాడు.

వాడు దూరం నుంచి పంపాలి కాబట్టి పోస్టు సంగతి. 2024 ఎన్నికల్లో కాలిఫోర్నియా నియమం, పోలింగ్ రోజు లోపు తపాలా ముద్ర పడి, ఆ తర్వాత ఏడు రోజుల్లో చేరితే లెక్కపెట్టడం. ఈ ఏడు రోజుల మీద భరోసా పెట్టుకోవద్దని చెప్పండి. ఇలాంటి వెసులుబాట్ల మీద కోర్టుల్లో తగాదాలు నడుస్తున్నాయి, పైగా డబ్బాలో వేసిన రోజు ముద్రే కవరు మీద పడుతుందన్న నమ్మకం కూడా లేదు. అక్టోబరు 20 కల్లా పోస్టు చేసేయమనండి.

ఇక్కడే ఉండే మీవారికి, మీ ఇరుగుపొరుగుకి దారులు ఇంకా ఉన్నాయి. అక్టోబరు 24 నుంచి కొన్ని ఓటింగ్ కేంద్రాలు, 31 నుంచి మరికొన్ని తెరుస్తారు. కౌంటీలో ఏ కేంద్రానికైనా వెళ్లొచ్చు. అక్టోబరు 19 గడువు తప్పినవాళ్లు కూడా ఆ తర్వాత నేరుగా వెళ్లి, అక్కడే నమోదు చేసుకుని అక్కడే ఓటేయొచ్చు, పోలింగ్ రోజు రాత్రి 8 దాకా. వివరాలు సరిచూశాక ఆ ఓటు కలుపుతారు. ఎనిమిదికి లైన్లో నిలబడి ఉంటే ఎంత ఆలస్యమైనా ఓటేయనిస్తారు, పంపించేయరు. ఇంగ్లిష్ కష్టంగా ఉన్న పెద్దవాళ్లకి శాంటా క్లారా కౌంటీలో తెలుగులో నమూనా బ్యాలెట్ దొరుకుతుంది. అది చూసుకోవడానికే, ఓటు మాత్రం అసలు బ్యాలెట్ మీద వేయాలి. మీవారి పేరున్న టీషర్టు వేసుకుని ఎవరూ కేంద్రానికి వెళ్లకుండా చూడండి, వంద అడుగుల లోపల ప్రచారం నిషేధం.

మీ అత్తగారి విషయంలో మాత్రం గడువులూ లేవు, మినహాయింపులూ లేవు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు మీ కౌంటీలో ఈ ఎన్నికలో ఓటేయకూడదు, ఓటరుగా నమోదు కూడా కాకూడదు. కొడుకు పోటీలో ఉన్నాడు కదా అని ఆవిడకి ఆశ పుట్టడం సహజం. షాపింగ్ సెంటర్ దగ్గర క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లు ఇచ్చే కాగితం మీద ఆవిడ సంతకం పెట్టకుండా చూడండి. డీఎంవీలో లైసెన్సు గానీ ఐడీ కార్డు గానీ తీసుకునేటప్పుడు ఓటరు ప్రశ్న వస్తుంది. పక్కనుండి చదివి వినిపించి, కాదని పెట్టించండి. తెలియక చేసినా ఇది దేశం నుంచి పంపించేసే దాకా వెళ్లగల తప్పు. రేపు ఆవిడ పౌరసత్వానికి దరఖాస్తు పెడితే, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అన్న ప్రశ్న అందులో ఉంటుంది. పొరపాటున ఇప్పటికే నమోదై ఉంటే, మీరు సొంతంగా రద్దు చేయించే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.

చివరగా హైదరాబాద్ ఓటు. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోయింది, దానితో పాటే అక్కడి ఓటు హక్కు కూడా. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు వచ్చినా ఓటు రాదు. భారత పాస్‌పోర్టు వదులుకోకుండా ఇక్కడ ఉంటున్న మీ హెచ్-1బి స్నేహితులైతే ఫారం 6ఎ తో ప్రవాస ఓటరుగా చేరొచ్చు, కానీ ఓటేయాలంటే సొంత ఊరి పోలింగ్ బూత్‌కి స్వయంగా వెళ్లాలి. మీరు మాత్రం పేరు తీయించుకోవాలి. దానికి ఫారం 7. ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లోనూ ఇవ్వొచ్చు, మీ పాత పేటలో బూత్ స్థాయి అధికారి చేతికీ ఇవ్వొచ్చు. దసరా సెలవులకి ఆఫీసులు మూస్తారు కాబట్టి, పండగకి ముందే ఒక పూట చూసుకుని పాత ఓటరు కార్డు నంబరు పట్టుకుని వెళ్లండి. మీవారి పేరు కూడా ఆ జాబితాలో ఉండిపోయి ఉంటే, ఆయన ఫారం ఆయన చేతనే ఆన్‌లైన్‌లో వేయించండి, అదీ జులైలోనే.